వాడకం 100 శాతం, వేగం 0.39: చల్లగా ఉన్న ప్రాసెసర్ ఎందుకు పరిగెత్తదు?

ల్యాప్‌టాప్ ఆన్ చేస్తారు. బ్రౌజర్ తెరుచుకోవడానికే నిమిషం పడుతుంది. టైప్ చేసిన అక్షరం తెర మీదికి రావడానికి తటపటాయిస్తుంది. టాస్క్ మేనేజర్ చూస్తే సీపీయూ వాడకం 100 శాతం, ఆ పక్కనే వేగం 0.39 గిగాహెర్ట్జ్. కొన్నప్పుడు చెప్పిన అంకె 3.4. పోనీ వేడెక్కిందా అంటే అదీ లేదు. ఫ్యాన్ చప్పుడు వినిపించదు, అడుగున చెయ్యి పెడితే చల్లగానే తగులుతుంది.

ఇలాంటప్పుడు సలహాలకు కొదవ ఉండదు. వైరస్ అంటారొకరు, విండోస్ మళ్లీ వెయ్యమంటారొకరు, ప్రాసెసర్ వేడిని బయటికి లాగే థర్మల్ పేస్ట్ ఎండిపోయిందంటారు ఇంకొకరు, మదర్‌బోర్డు పోయిందని తేల్చేస్తారు మరొకరు. వీటిలో ఏదో ఒకటి నిజమయ్యే సందర్భాలూ ఉంటాయి. కానీ ప్రాసెసర్ చెడిపోయే తీరు వేరు. చెడిపోతే మెషిన్ హ్యాంగ్ అవుతుంది, నీలి తెర చూపిస్తుంది, లేదా అసలు ఆన్ కాదు. కచ్చితంగా 0.39 దగ్గరే గంటల తరబడి నిలబడిందంటే మాత్రం, ఆ చిప్ బుద్ధిగా ఎవరి మాటో వింటోందన్నమాట. ఆ మాట ఎవరిదో కనిపెడితే సగం పని అయినట్టే.

క్లాక్ స్పీడ్ అనేది ఒక గుణకారం

ప్రాసెసర్ వేగం రెండు అంకెల గుణకారంతో వస్తుంది. మొదటిది బేస్ క్లాక్. ఇప్పటి కంప్యూటర్లలో ఇది దాదాపుగా 100 మెగాహెర్ట్జ్. రెండోది మల్టిప్లయర్, అంటే దాన్ని ఎన్నింతలు చెయ్యాలో చెప్పే అంకె. ఇంటెల్ ఐ5-8250యూ అనే ల్యాప్‌టాప్ చిప్‌నే తీసుకుందాం. దాని బేస్ ఫ్రీక్వెన్సీ 1.6 గిగాహెర్ట్జ్, అంటే మల్టిప్లయర్ 16. టర్బోలో, అంటే అవసరానికి బేస్‌ని దాటినప్పుడు, గరిష్ఠంగా 3.4, అంటే 34. అన్నిటికన్నా కింది మెట్టు 4, అంటే 400 మెగాహెర్ట్జ్. బేస్ క్లాక్ సరిగ్గా 100 ఉండకుండా వెంట్రుకవాసి తక్కువగా ఉంటుంది కాబట్టి తెర మీద 0.40 బదులు 0.39 కనిపిస్తుంది. కింది మెట్టు 8 ఉన్న చిప్‌లలో 0.80కి బదులు 0.79 కనిపించేది కూడా అందుకే.

వేగం మారుతూ ఉండటానికి కారణం కరెంటు ఖర్చు. చిప్ వాడే విద్యుత్తు ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతుంది, వోల్టేజీతో అయితే వర్గంగా పెరుగుతుంది. పైగా ఎక్కువ వేగానికి ఎక్కువ వోల్టేజీ కావాలి. లెక్క తేలిక కోసం 3.4 గిగాహెర్ట్జ్‌కి 1.1 వోల్టులు, 1.6కి 0.75 వోల్టులు చాలుననుకుందాం. వేగం సగానికన్నా కాస్త తగ్గింది, 0.47 వంతు. వోల్టేజీ నిష్పత్తి 0.68, దాని వర్గం 0.465. రెండూ గుణిస్తే 0.22. వేగం సగం పోతే ఖర్చు దాదాపు అయిదో వంతుకు పడిపోయింది. ఇంత లాభం ఉన్నప్పుడు పని లేని సమయంలో వేగం దించకుండా ఎవరుంటారు? ఇంటెల్ 2000లో ల్యాప్‌టాప్ పెంటియమ్ 3 చిప్‌లతో తెచ్చిన స్పీడ్‌స్టెప్ చేసింది ఇదే. దాని పోటీ కంపెనీ ఏఎండీ ఇదే పనిని కూల్ ఎన్ క్వైట్ పేరుతో చేసింది. 2008లో వచ్చిన టర్బో బూస్ట్ దీనికి తిరగబడ్డ రూపం, అవసరమైనప్పుడు బేస్‌ని దాటి పైకి వెళ్లడం. 2015లో స్కైలేక్ తరంతో వచ్చిన స్పీడ్ షిఫ్ట్ దగ్గర్నుంచి, ప్రతి మార్పుకీ ఆపరేటింగ్ సిస్టమ్ చెప్పాల్సిన పని లేకుండా చిప్పే స్వయంగా వేగం ఎంచుకుంటోంది.

కాబట్టి ఏ పనీ చేయని కంప్యూటర్ 0.8 చూపిస్తే కంగారు పడాల్సింది లేదు. అది నిద్రలో ఉంది. పాత హార్డ్‌డిస్క్ కోసమో, చాలని మెమరీ కోసమో ఎదురుచూస్తూ కూర్చున్న ప్రాసెసర్ కూడా తక్కువ వేగమే చూపిస్తుంది. అక్కడ వాడకం 10, 15 శాతం దాటదు. అన్ని కోర్లకీ, అంటే ప్రాసెసర్‌లో పనిచేసే భాగాలన్నిటికీ, చేతినిండా పని ఇచ్చి, వాడకం 100కి చేరాక కూడా అంకె కదలకపోతేనే దాన్ని ఇరుక్కుపోవడం అనాలి. పెద్ద ఫైలును జిప్ చెయ్యడం లాంటి పని చాలు ఈ తేడా తెలియడానికి.

ఒక చిప్, నలుగురైదుగురు యజమానులు

వేగానికి పగ్గాలు వేసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆపరేటింగ్ సిస్టమ్ తన పవర్ ప్లాన్ ద్వారా ఒక పైహద్దు పెడుతుంది. మదర్‌బోర్డులోనే ఉండి కంప్యూటర్‌ని మొదలుపెట్టే ప్రోగ్రామ్, అంటే బయోస్ లేదా ఫర్మ్‌వేర్, ఏసీపీఐ అనే ఒప్పందం ద్వారా 'ఇప్పటికి ఇంతవరకే' అని ఆపరేటింగ్ సిస్టమ్‌కి చెప్పగలదు. చిప్‌లోని వేడి సెన్సర్లు ఒక హద్దు పెడతాయి. వాట్లలో కొలిచే పవర్ లిమిట్ ఇంకొకటి. వీటన్నిటికీ బయట, మదర్‌బోర్డు మీద ఎంబెడెడ్ కంట్రోలర్ అనే చిన్న చిప్ ఉంటుంది. ఫ్యాన్‌నీ బ్యాటరీనీ ఛార్జింగ్‌నీ చూసుకునేది అదే. దానికీ ప్రాసెసర్‌ని ఆపే అధికారం ఉంది.

వీళ్ల మధ్య సంప్రదింపులు, రాజీలు ఉండవు. అందరిలోకీ తక్కువ చెప్పినవాడి మాటే చెల్లుతుంది. ఒకే గొట్టం మీద వరుసగా అయిదు కుళాయిలు బిగించినట్టు: నాలుగు పూర్తిగా తెరిచినా అయిదోది బిగుసుకుని ఉంటే చివర వచ్చేది బొట్లు బొట్లే. పైన చెప్పిన చిప్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ 34 వరకూ పొమ్మంది, పవర్ లిమిట్ 24 దగ్గర ఆపింది, వేడి హద్దు ఇంకా రానే లేదు, ఎంబెడెడ్ కంట్రోలర్ మాత్రం 4 అంది. ఫలితం 4. ఇప్పుడు పవర్ ప్లాన్‌ని 'హై పెర్ఫార్మెన్స్' చేసినా, విండోస్ తీసేసి లినక్స్ అనే వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేసినా, ఫలితం మళ్లీ 4. చాలామంది వారాంతాలు తినేసేది ఈ ఒక్క విషయం తెలియకపోవడమే.

ఏ అంకె దగ్గర ఆగిందన్నదే అసలు ఆధారం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనప్పుడు అంకెనీ, ఆ క్షణంలో ఉన్న ఉష్ణోగ్రతనీ పక్కపక్కన పెట్టి చూస్తే అనుమానితుల జాబితా బాగా కుదించుకుపోతుంది.

వేగం సరిగ్గా బేస్ ఫ్రీక్వెన్సీ దగ్గర, 1.6 అయితే 1.6 దగ్గర, గీత గీసినట్టు ఆగిందనుకోండి. టర్బో ఎవరో ఆపేశారు. బయోస్‌లో ఆపి ఉండవచ్చు. విండోస్ పవర్ ప్లాన్‌లో 'మాక్సిమమ్ ప్రాసెసర్ స్టేట్' 100కి బదులు 99 ఉన్నా ఇదే జరుగుతుంది. ఒక్క శాతమే కదా అనిపిస్తుంది. టర్బో మెట్లన్నీ ఆ చివరి ఒక్క శాతంలోనే ఉన్నాయని విండోస్ లెక్క, అందుకే 3.4 పోయి 1.6 మిగులుతుంది. ల్యాప్‌టాప్ వేడి తగ్గించుకోవడానికి ఎప్పుడో ఈ చిట్కా పాటించి, తర్వాత మరిచిపోయినవాళ్లు తక్కువేం కాదు.

వేగం ఒకచోట నిలవకుండా పైకీ కిందికీ ఊగుతూ, ఉష్ణోగ్రత 95, 100 డిగ్రీల దగ్గర ఉంటే అది వేడి గొడవ. దుమ్ము, ఆగిన ఫ్యాన్, ఎండిన పేస్ట్ అనే మామూలు సలహాలు సరిగ్గా అతికేది ఇక్కడే. ఫర్మ్‌వేర్ లోపం కూడా ఇలాగే కనిపించవచ్చు. 2018 జూలైలో ఆపిల్ కొత్త మ్యాక్‌బుక్ ప్రోలోని కోర్ ఐ9 చిప్, బరువైన పనిలో తన బేస్ అయిన 2.9 కన్నా కిందికి పడిపోతోందని గగ్గోలు రేగింది. ఫర్మ్‌వేర్‌లో ఒక డిజిటల్ కీ లేకపోవడం వల్ల వేడి నియంత్రణ దెబ్బతిన్నదని కంపెనీ చెప్పి, ఆ నెలలోనే అప్‌డేట్ ఇచ్చింది. పేస్ట్ మార్చి ఉంటే ఆ లోపం పోయేది కాదు.

మొదటి అర నిమిషం ఝుమ్మని పరిగెత్తి, తర్వాత మధ్యస్థంగా ఒకచోట కుదురుకుంటే అది పవర్ లిమిట్. చిప్‌కి రెండు హద్దులుంటాయి. దీర్ఘకాలానిది 15 వాట్లనుకోండి, కొద్దిసేపటిది 44 వాట్లు. ఆ కొద్దిసేపు ఎంతన్నది తయారీదారు నిర్ణయించే టైమర్, 28 సెకన్లు సాధారణంగా కనిపించే విలువ. టైమర్ అయిపోయాక 15 వాట్లలో ఎంత వేగం ఇమిడితే అంతే. దీన్ని ఇరుక్కుపోవడం అనడం నా దృష్టిలో న్యాయం కాదు. కొన్నది 15 వాట్ల చిప్, అది 15 వాట్ల పనే చేస్తోంది. పెట్టె మీద పెద్దక్షరాలతో వేసింది 3.4 అన్న అంకెని కాబట్టి కొన్నవాళ్ల ఫిర్యాదులోనూ న్యాయం లేకపోలేదు.

ఇక మిగిలింది అన్నిటికన్నా కింది మెట్టు: 0.39, 0.79. ఉష్ణోగ్రత 45 డిగ్రీలు. ఎంత పని ఇచ్చినా కదలదు. దీని కథ వేరు.

'వేడెక్కాను' అని అరిచే తీగ

ఇంటెల్ చిప్‌లలో ప్రోక్‌హాట్ అనే సంకేతం ఉంటుంది. ప్రాసెసర్ వేడెక్కిందని బయటికి చెప్పడానికి పెట్టిన తీగ అది. తర్వాత దాన్ని రెండు దిక్కులా పనిచేసేలా చేశారు. అంటే బయట ఉన్న భాగం ఏదైనా ఆ తీగను లాగి 'నేను కష్టంలో ఉన్నాను, నువ్వు తగ్గు' అని ప్రాసెసర్‌కి చెప్పవచ్చు. దీన్నే బీడీ ప్రోక్‌హాట్ అంటారు. ప్రాసెసర్‌కి కరెంటు సర్దే వోల్టేజ్ రెగ్యులేటర్లు, ఛార్జింగ్ సర్క్యూటు, ఎంబెడెడ్ కంట్రోలర్ సాధారణంగా దీన్ని వాడేవి. సంకేతం అందగానే చిప్ ఎందుకని అడగదు, తన ఉష్ణోగ్రత ఎంతో కూడా చూసుకోదు. తిన్నగా అట్టడుగు మెట్టుకి దిగిపోతుంది. సంకేతం ఉన్నంతసేపూ అక్కడే.

ఆలోచనగా ఇది మంచిదే. రెగ్యులేటర్ మాడిపోయేకన్నా కంప్యూటర్ నెమ్మదించడం నయం. చిక్కల్లా తప్పుడు కేకతోనే. సెన్సర్ ఒకటి చెడిపోయి 'వేడి' అని అరుస్తూనే ఉంటే, కంట్రోలర్ గందరగోళంలో పడి తీగను వదలకపోతే, ప్రాసెసర్‌కి నిజానిజాలు తేల్చుకునే దారి లేదు. 2019 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ ప్రో 6, సర్ఫేస్ బుక్ 2 వాడేవాళ్లలో కొందరికి వేగం 400 మెగాహెర్ట్జ్ దగ్గర ఇరుక్కుపోవడం మొదలైంది. వేలు చూపింది ఈ తీగ వైపే. ఫర్మ్‌వేర్ అప్‌డేట్‌తో సరిచేస్తామని కంపెనీ అప్పట్లో ప్రకటించింది.

కంట్రోలర్ గందరగోళపడిన సందర్భంలో ఒక పాత మందు నిజంగానే పనిచేస్తుంది. అడాప్టర్ పీకేసి, బ్యాటరీ ఊడేదైతే ఊడదీసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టడం. మామూలు షట్‌డౌన్‌లో ఆ చిన్న చిప్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది కాబట్టి దాని తప్పుడు జ్ఞాపకం చెరగదు. ఈ పద్ధతిలో మిగిలిన ఛార్జ్ కూడా పోయి, అది మొదటి నుంచి మొదలుపెడుతుంది. నెలకోసారి, పదిహేను రోజులకోసారి ఇదే చెయ్యాల్సి వస్తుంటే మాత్రం కేక తప్పుడుది కాకపోవచ్చు.

ఛార్జర్ వైపు ఎందుకు చూడాలంటే

చల్లగా ఉండి ఇరుక్కుపోయిన ల్యాప్‌టాప్‌లలో నేను మొదట అనుమానించేది ఛార్జర్‌నే. కొన్ని కంపెనీల అడాప్టర్ జాక్‌ని దగ్గరగా చూస్తే గుండ్రటి గొట్టం మధ్యలో ఒక సన్నటి పిన్ను కనిపిస్తుంది. అందులోంచి కరెంటు రాదు. అడాప్టర్ లోపల ఉన్న ఒక చిన్న చిప్ 'నేను ఇన్ని వాట్లదాన్ని' అని ల్యాప్‌టాప్‌కి చెప్పుకునే దారి అది. ఆ పిన్ను కాస్త వంగినా, వైరు మెడ దగ్గర నలిగి లోపలి తీగ తెగినా, ల్యాప్‌టాప్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది, పరిచయం మాత్రం అందదు. ఎన్ని వాట్లుందో తెలియని అడాప్టర్‌ని ఫర్మ్‌వేర్ నమ్మదు. బ్యాటరీ ఛార్జింగ్ ఆపేస్తుంది, ప్రాసెసర్‌ని అట్టడుగుకి దించుతుంది. అడాప్టర్ రకం గుర్తించలేకపోయానని ఆన్ అయ్యేటప్పుడు ఒక హెచ్చరిక వస్తుంది. దాన్ని ఎంటర్ కొట్టి దాటేయడం అందరికీ అలవాటే. అడాప్టర్ తీసేసి బ్యాటరీ మీద నడిపితే వేగం మామూలైపోయిందా? అయితే దొంగ దొరికినట్టే.

యూఎస్‌బీ-సీ ఛార్జర్లలో ఈ లెక్క ఇంకాస్త మెలిక పడుతుంది. 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు ఇచ్చే ఛార్జర్ 65 వాట్లది. మామూలు సీ కేబుల్ 3 ఆంపియర్ల వరకే మోస్తుంది. అంతకు మించాలంటే కేబుల్ లోపల ఈ-మార్కర్ అనే గుర్తింపు చిప్ ఉండాలి. కాబట్టి 100 వాట్ల ఛార్జర్ కొని, డ్రాయర్‌లో ఉన్న పాత కేబుల్ తగిలిస్తే దక్కేది 20 × 3, అంటే 60 వాట్లు. 5 వోల్టుల, 3 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్ తగిలిస్తే 15.

బ్యాటరీకి ఇందులో పాత్ర ఏమిటో ఒక లెక్కతో తెలుస్తుంది. తెరకి 5 వాట్లు, మెమరీ, డిస్క్, వైఫై కలిపి 8, బ్యాటరీ ఛార్జింగ్‌కి 25, ప్రాసెసర్ ఒక్కసారిగా ఎగిరితే 44 అనుకుందాం. మొత్తం 82. అడాప్టర్ 65 వాట్లదే. ఛార్జింగ్ తగ్గించుకుంటే గట్టెక్కుతుంది. గ్రాఫిక్స్ చిప్ కూడా ఉంటే ఆ లోటుని ఆ కాసేపు బ్యాటరీయే పూడుస్తుంది. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా, తీసేసినా ఆ ఆసరా పోయింది. అప్పుడు ప్రాసెసర్‌ని ఎగరనిస్తే మెషిన్ ఉన్నపళంగా ఆగిపోతుంది. అందుకే చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ లేనప్పుడు ముందుజాగ్రత్తగా వేగం కోసేస్తాయి. బ్యాటరీ ఊడదీయగలిగిన పాత మ్యాక్‌బుక్‌ల విషయంలో ఆపిల్ ఈ సంగతి బాహాటంగానే చెప్పింది.

తీగ తెంపేయవచ్చా అన్న తగువు

ప్రోక్‌హాట్‌ని వినొద్దని ప్రాసెసర్‌కి చెప్పే సాఫ్ట్‌వేర్ ఉంది. విండోస్‌లో ఇంటెల్ చిప్‌లకి థ్రాటిల్‌స్టాప్ బాగా తెలిసిన పేరు. అందులో బీడీ ప్రోక్‌హాట్ అనే గడిలో టిక్ తీసేస్తే, కారణం ఈ తీగే అయిన పక్షంలో, వేగం కళ్లముందే 0.39 నుంచి పైకి లేస్తుంది. కొత్తదో పాతదో, ల్యాప్‌టాప్ బతికొచ్చినంత సంబరం. ఇక్కడే జనం రెండుగా చీలిపోతారు.

తీసేయమనేవాళ్ల వాదన బలమైనదే. సెన్సర్ చెడిపోయింది, దాన్ని మార్చడానికి మదర్‌బోర్డు ఖర్చు, మెషిన్‌కి వయసైపోయింది. ప్రాసెసర్ సొంత వేడి రక్షణ దీనితో పోదు. తన హద్దు దగ్గర అది తనే తగ్గుతుంది, మరీ మించితే కరెంటే ఆపించేస్తుంది. ఇక భయమేమిటంటారు. వద్దనేవాళ్లు దానికి జవాబుగా చెప్పేదీ నిజమే: ఆ తీగ కాపాడేది ప్రాసెసర్‌ని కాదు, మిగతావాళ్లని. రెగ్యులేటర్‌కి ఈ కేక తప్ప వేరే రక్షణ లేకపోవచ్చు. కేక నిజమైనదైతే నోరు నొక్కిన కొన్నాళ్లకి బోర్డే పోతుంది.

నాకు సబబుగా తోచేది మధ్యదారి. టిక్ తీయడాన్ని ముందు పరీక్షగా వాడుకోవచ్చు. వేగం లేచిందా, కారణం బయట ఉందని రుజువైంది. ఇక అడాప్టర్, బ్యాటరీ, ఫర్మ్‌వేర్ అప్‌డేట్ వరుసగా చూసి, అవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక మిగిలింది పాత మెషినే అయితే అలాగే నడుపుకోవడంలో తప్పు పట్టాల్సింది లేదు. గ్యారంటీ ఉన్న మెషిన్‌కి ఇది మందు కాదు. ఒక చికాకు కూడా ఉంది. ఈ మార్పు చిప్‌లోని రిజిస్టర్ అనే ఒక చిన్న తాత్కాలిక గడిలో జరిగేది, రీస్టార్ట్ చేస్తే పోతుంది, చాలాసార్లు నిద్రలోంచి లేచాక కూడా పోతుంది. సాఫ్ట్‌వేర్ ప్రతిసారీ మళ్లీ నడవాల్సిందే.

కంప్యూటర్ రాసిపెట్టుకున్న సాక్ష్యం

ఊహించే పని తగ్గించే జాడలు మెషిన్‌లోనే ఉంటాయి. విండోస్ తన సంఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-ప్రాసెసర్-పవర్ కింద 37 అంకెతో ఎంట్రీలు వరుసగా కనిపిస్తే, ప్రాసెసర్ వేగాన్ని సిస్టమ్ ఫర్మ్‌వేర్ పరిమితం చేస్తోందని విండోస్ తనంతట తాను చెబుతున్నట్టు. అంటే నేరం విండోస్‌ది కాదు, దాన్ని మళ్లీ వేసినా ఒరిగేది లేదు. థ్రాటిల్‌స్టాప్‌లో లిమిట్స్ అనే కిటికీ ఉంది. ప్రస్తుతం అడ్డుకుంటున్న కారణం ఎరుపులో, ఇంతకుముందు అడ్డుకున్నది పసుపులో వెలుగుతుంది. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే సాధనం కూడా ఈ కారణాలని అవును, కాదు అని విడివిడిగా చూపిస్తుంది. లినక్స్‌లో అయితే దాని గుండెకాయ లాంటి కెర్నల్, చిప్ గరిష్ఠ వేగాన్నీ, ఇప్పుడు అనుమతించిన వేగాన్నీ వేర్వేరు ఫైళ్లలో ఉంచుతుంది. రెండూ సమానంగా ఉండి కూడా నడిచే వేగం అట్టడుగున ఉంటే, హద్దు పెట్టింది లినక్స్ కాదు.

ఒక్కోసారి అంకె అట్టడుగు మెట్టుకన్నా కిందికి, 0.19కి పోతుంది. మల్టిప్లయర్‌తో ఆ అంకె రాదు. అది క్లాక్ మాడ్యులేషన్, అంటే గడియారం టిక్కుల్లో కొన్నిటిని పని చేయకుండా వదిలేయడం. ఎనిమిది భాగాల్లో ఒక్క భాగమే పనిచేయమంటే 1.6 గిగాహెర్ట్జ్ చిప్ 0.2తో సమానం. ఇది కూడా సాధారణంగా ఫర్మ్‌వేర్ చేసే పనే. కొన్ని సాధనాలు మల్టిప్లయర్‌నే చదివి 1.6 అని చూపిస్తాయి కాబట్టి, అంకె బాగున్నా మెషిన్ ఈడుస్తున్నప్పుడు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

డెస్క్‌టాప్‌లలో ఛార్జర్, బ్యాటరీ గొడవ లేదు. కాబట్టి అనుమానాలు బయోస్ సెట్టింగుల మీదికీ, వేడెక్కిన రెగ్యులేటర్ల మీదికీ పోతాయి. సీమాస్ క్లియర్ చేస్తే, అంటే బయోస్ సెట్టింగులని మొదటి స్థితికి తెస్తే, తేలిపోయేవే ఎక్కువ. చిప్‌ని చెప్పిన వేగానికి మించి పరిగెత్తించే ఓవర్‌క్లాకింగ్ కోసం చేసిన ఖరీదైన మదర్‌బోర్డుల్లో ఇంకో విచిత్రం ఉంటుంది, స్లో మోడ్ అనే గోరంత స్విచ్. ద్రవ నైట్రోజన్‌తో చల్లబరిచి రికార్డులు కొట్టేవాళ్లు మెషిన్ కూలిపోకుండా ఉండటానికి మల్టిప్లయర్‌ని కాసేపు 8కి దించుకునేందుకు పెట్టింది. కేబుళ్లు సర్దేటప్పుడు వేలు తగిలి అది పక్కకి జరిగితే, అంత ఖరీదైన ప్రాసెసర్ కూడా 0.79 దగ్గర కూర్చుంటుంది. బయోస్‌లో ఎంత వెతికినా కారణం కనిపించదు. కేబినెట్ మూత తీసి చూడాల్సిందే.